కారే కొళాయి గుర్తుకే మీ ఓటు

మా బావ మూడోసారి ఎన్నికల్లో ఓడిపోయిన రోజు, పొద్దున పదిన్నరకల్లా లెక్కింపు కేంద్రం నుంచి ఇంటికి వచ్చేశాడు. కాళ్లు కడుక్కున్నాడు. ఇస్త్రీ చొక్కా విప్పి హ్యాంగరుకు తగిలించి, గ్రీజు మరకల చొక్కా తొడుక్కున్నాడు. అక్క ఇచ్చిన టీ తాగి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని, మూడో వీధి టైలరు ఇంట్లో కొళాయి కారుతోందంటే చూడ్డానికి వెళ్లిపోయాడు. గెలిచినాయన ఊరేగింపు అప్పటికింకా బయల్దేరనే లేదు.

ఆ రోజే నాకు ఒక సత్యం బోధపడింది. ఎన్నికల్లో గెలుపు వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. ఉన్న లాభమంతా ఓటమిలోనే ఉంది. ఓడిపోయినవాడికి కాదు లెండి, ఓడించినవాళ్లకి! అందుకని ప్రభుత్వానికి ఈ కాలమ్ ద్వారా నా విన్నపం ఏమిటంటే, ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు చొప్పున ఓడిపోయే అభ్యర్థి తప్పనిసరిగా ఉండేట్టు చట్టం తేవాలి.

నవ్వకండి. ఇరవై ఎనిమిదేళ్లుగా బడిలో పిల్లలకు వ్యాకరణం చెబుతున్నవాణ్ణి. మాట తూచి వాడటం నా ఉద్యోగం.

మీరే ఆలోచించండి. గెలిచినవాణ్ణి కలవాలంటే ఏం కావాలి? ఒక అర్జీ కావాలి. అర్జీకి సిఫార్సు కావాలి. ఆ సిఫార్సు చేసేవాణ్ణి కలవడానికి ఇంకో సిఫార్సు కావాలి. గేటు దగ్గర పేరు రాయించుకోవాలి. సారు మీటింగులో ఉన్నారని మూడుసార్లు, ఇప్పుడే బయటికి వెళ్లారని రెండుసార్లు వినాలి. మరి ఓడినవాణ్ణి కలవాలంటే? కొళాయి కారితే చాలు!

మా బావ ప్లంబరు. మా అక్క భర్త. ఆయన్ని అందరూ 'వాషరు' అని పిలిచేవాళ్లు. ఎవరింట్లో ఏ కొళాయి చూసినా ముందు ఒకటే మాట అనేవాడు: "ఏం లేదు, వాషరు పోయింది." ట్యాంకు పగిలి ఇంట్లో మోకాలు లోతు నీళ్లున్నా అదే మాట. గుండెలు గుభేలుమన్న ఇంటివాళ్లకి ఆ మాట వింటే సగం నీళ్లు తగ్గినట్టుండేది.

అలాంటి మనిషి శాసనసభకి పోటీ చేయడమేమిటని మీరు అడగవచ్చు. తప్పు నాదే. నా హాజరు పట్టీది.

మా బడి వెనక ఒక వీధి ఉంది. ప్రతి వానాకాలంలోనూ ఆ వీధి పిల్లలు వారానికి ఇద్దరు ముగ్గురు చొప్పున బడి మానేసేవాళ్లు. వాంతులు, విరేచనాలు. నేను పట్టీలో గైర్హాజరు గుర్తు పెట్టి, ఆరోగ్యమే మహాభాగ్యమని మిగతా పిల్లల చేత పదిసార్లు రాయించేవాణ్ణి. అంతకుమించి నాకేమీ తోచలేదు. ఒకరోజు బావ బడిలో ట్యాంకు బాగుచేయడానికి వచ్చి, బల్ల మీద తెరిచి ఉన్న పట్టీ చూశాడు. చదువు ఆరో తరగతితో ఆగినవాడు. వేలు పెట్టి వరసగా చూసుకుంటూ పోయి, "ఈ పిల్లలందరిదీ ఒకటే వీధా?" అని అడిగాడు. పదిహేనేళ్లుగా ఆ పట్టీ రాస్తున్న నేను ఆ ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదు.

మర్నాడు వెళ్లి గుంట తవ్వి చూశాడు. ఆ వీధిలో మంచినీళ్ల పైపు, మురుగు పైపు ఒకే గుంటలో పక్కపక్కన పోతున్నాయి. మంచినీళ్ల పైపు తుప్పు పట్టి, మూడు చోట్ల చిల్లులు పడి ఉంది, మురుగు పైపూ అక్కడక్కడా కారుతోంది. వాన పడి గుంట నిండితే ఏది ఎందులోకి పోతుందో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆయన మంచినీళ్ల ఆఫీసుకి వెళ్లాడు. వాళ్లు అది మురుగు సమస్య అన్నారు. మురుగు ఆఫీసుకి వెళ్లాడు. వాళ్లు అది మంచినీళ్ల సమస్య అన్నారు. ఇద్దరిదీ నిజమే, రెండూ ఒకే గుంటలో ఉన్నాయి కదా! చివరికి ఒక గుమాస్తా జాలిపడి, కొత్త పైపు వేయాలంటే ఎమ్మెల్యే గారి సంతకం కావాలని చెప్పాడు. బావ ఆ సంతకం కోసం పదకొండుసార్లు తిరిగాడు. పదకొండోసారి తిరిగొచ్చి అన్నం ముందు కూర్చుని, "ఆయన పెట్టేట్టు లేడు. పోనీ నేనే పెడతా" అన్నాడు.

"మీ సంతకం ఎవరిక్కావాలండీ?" అంది మా అక్క.

"ఎమ్మెల్యేనైతే కావాలిగా."

ఇదీ మా కుటుంబ రాజకీయ చరిత్ర. కొందరు ప్రజాసేవకి వస్తారు, కొందరు పదవి కోసం వస్తారు. మా బావ ఒక్క సంతకం కోసం వచ్చాడు.

బంధువుల్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ప్రచార సాహిత్యం నా నెత్తిన పడింది. పడిందని ఎందుకు అబద్ధం చెప్పాలి? లాక్కున్నాను. 'స్వచ్ఛ జలం పౌరుని జన్మహక్కు' అని మొదలుపెట్టి, నాలుగు పేజీల కరపత్రం రాశాను. అందులో మూడు దుష్టసమాసాలు దొర్లబోతే పట్టుకుని సరిచేశాను కూడా. బావ దాన్ని కూడబలుక్కుని చదివి, "ఏం మాస్టారూ, జలం అని రాస్తే నీళ్లు ఎక్కువొస్తాయా?" అన్నాడు. నేను చిన్నబుచ్చుకున్నాను. ఆయన వెంటనే, "అబ్బే, బాగుంది. బరువుగా ఉంది" అని సర్దేశాడు. ఆ బరువుకే కాబోలు, ఎవరూ దాన్ని రెండో పేజీ దాకా మోయలేకపోయారు.

ప్రచారం ఎలా సాగిందో చెబుతాను. మిగతా అభ్యర్థులు గడప దగ్గర చేతులు జోడించి, మూడు మాటలు చెప్పి పక్కింటికి పోయేవాళ్లు. మా బావ గడప దగ్గర చేతులు జోడించగానే ఇంటావిడ, "సమయానికి వచ్చావు వాషరన్నా, వంటింట్లో సింకు చూడు" అనేది. ఓటు అడగడానికి వెళ్లిన మనిషి సింకు కిందకి దూరి, అక్కడి నుంచే మేనిఫెస్టో వివరించేవాడు. ఓటర్లకి కనిపించేవి ఆయన కాళ్లు రెండే. నియోజకవర్గంలో చాలామంది ఇప్పటికీ ఆయన ముఖం కన్నా మడమలు బాగా గుర్తుపడతారు. ఇంత కిందిస్థాయికి దిగి ప్రచారం చేసిన నాయకుడు మీకు తెలుసా?

రోజుకి నలభై ఇళ్లు తిరగాలని నేను ప్రణాళిక వేసిచ్చాను. ఆయన అయిదు తిరిగేవాడు. ఆ అయిదిళ్లలోనూ మళ్లీ కారేది కాదు.

ఇక మొదటి సభ. మైకు ముందు ఆయన నిలబడి, నిండు నమ్మకంతో ఇచ్చిన వాగ్దానం ఇదీ: "నన్ను గెలిపించండి. గెలిస్తే మళ్లీ మీ గడప తొక్కను!"

ప్లంబరు భాషలో ఇంతకు మించిన మాట లేదు. పని అంత గట్టిగా చేస్తాను, మళ్లీ నన్ను పిలవాల్సిన అవసరం రాదు అని దానర్థం. ఏ ఇంట్లో పని ముగించినా ఆయన ఆ మాటే అనేవాడు, వాళ్లూ సంతోషించేవాళ్లు. కానీ సభలో జనం వేరే అర్థం విన్నారు.  వెనక నుంచి ఎవరో, "నిజం చెప్పిన మొదటి మొనగాడు!" అని అరిచారు. ఇక నవ్వులే నవ్వులు. పక్కనే కూర్చున్న భాషోపాధ్యాయుణ్ణి నేనేం చేశాను? ఆ వాక్యంలో వ్యాకరణ దోషం ఏమీ లేదని నిర్ధారించుకుని ఊరుకున్నాను.

రెండు వందల పద్నాలుగు ఓట్లు వచ్చాయి. డిపాజిట్టు సంగతి వేరే చెప్పాలా?

రెండోసారి ఆయన కోరుకున్న కొళాయి గుర్తు దొరికింది. ప్లంబరుకి కొళాయి గుర్తు! ఇంతకన్నా కలిసొచ్చేది ఏముంటుంది? పోస్టరు వేయించే పని నేను తీసుకున్నాను. బొమ్మలాయన ఉత్త కొళాయి గీశాడు. నాకు అది బోసిగా, జీవం లేనట్టు కనిపించింది. కింద ఒక నీటి చుక్క గీయమన్నాను. చుక్క గీయగానే బొమ్మలో ప్రాణం వచ్చింది. నాకు కళ్లు చెమర్చినంత పనైంది. అయిదు వందలు అచ్చు వేయించి గోడలకి అంటించాక బావకి చూపించాను.

ఆయన చాలాసేపు చూశాడు.

"బాగుంది మాస్టారూ" అన్నాడు. "కానీ ఇది కారుతోందిగా."

అప్పుడు చూశాను. నిజంగానే కారుతోంది. అయిదు వందల గోడల మీద, మా బావ నవ్వు ముఖం పక్కన, కట్టేసి ఉన్న కొళాయి చుక్క చుక్కగా కారుతోంది. ప్రత్యర్థులు ఒక్క మాట కూడా వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది. "సొంత కొళాయి కట్టలేనివాడు మన కొళాయిలు కడతాడా?" అని మైకులో అడిగి వదిలేశారు. బావ ఒక బ్రష్షు, డబ్బాడు రంగు తీసుకుని, మూడు రోజులు ప్రచారం మానేసి వీధి వీధీ తిరిగి చుక్కలు చెరిపాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. అభ్యర్థి స్వహస్తాలతో తన లీకులు తాను సరిచేసుకున్న ఎన్నిక చరిత్రలో అదొక్కటే అనుకుంటాను.

నూట ఎనభై ఎనిమిది ఓట్లు. తగ్గిన ఇరవై ఆరూ నా ఖాతావే.

మూడోసారి నా సాయం లేకుండా పోటీ చేశాడు. నాకు వేరే ఊళ్లో పోలింగ్ డ్యూటీ పడింది. ఆరు వందల పదకొండు ఓట్లు వచ్చాయి. కారణం మీరే ఊహించుకోండి. మా లెక్కల మాస్టారు కాగితం తీసి, ఎన్నికకి సగటున రెండు వందల చొప్పున పెరుగుతూ పోతే, ఇంకా పద్నాలుగు వందల ఎనభై అయిదేళ్లలో గెలుపు ఖాయమని తేల్చాడు. బావ శ్రద్ధగా విని, "పైపు అంతవరకూ ఆగదు సార్" అన్నాడు.

ఇక అసలు వాదనకి వస్తాను. ఇంత మంచివాణ్ణి జనం ఎందుకు ఓడించారు? తెలివితక్కువతనమా? కానే కాదు! మూడో ఓటమి తర్వాత నేను ఉపాధ్యాయుడి పద్ధతిలో ఇంటింటికీ వెళ్లి కారణాలు సేకరించాను. ఒక రిటైర్డు క్లర్కు గారు కుర్చీ వేసి మరీ చెప్పారు: "మీ బావ బంగారం మాస్టారూ. అందుకే వెయ్యలేదు. గెలిచి అసెంబ్లీకి పోయాడనుకోండి, నా గీజరు ఎవరు చూస్తారు?"

ఎంత దూరదృష్టి! మంచి ప్లంబరుని శాసనసభకి పంపితే ఊరికి ఒక ప్లంబరు నష్టం. గెలిచినాయన్ని పంపితే ఊరికి ఏం నష్టం? ఆయన ఇక్కడున్నప్పుడు మాత్రం ఏ సింకు కింద దూరాడు? వాళ్లు మా బావని ఓడించలేదు, దక్కించుకున్నారు. అయిదేళ్లకోసారి ఓడించి మరో అయిదేళ్లకి అట్టే పెట్టుకున్నారు. నేను చట్టం కావాలంటున్నది ఇందుకే.

టైలరు మాత్రం కొంచెం మొహమాటపడ్డాడు. వేద్దామనే అనుకున్నాడట. గెలవడు కదా, ఓటు పాడుచేసుకోవడం ఎందుకని ఆగాడట. "ఏమీ అనుకోకండి" అన్నాడు. ఆ మాట నేను ఆ వారంలో ఎన్ని ఇళ్లలో విన్నానో! గెలవడు కదా. మంచివాడే, గెలవడు కదా. వాళ్లందరూ ఓటు వేసి ఉంటే గెలిచేవాడా అని నేను లెక్క వేయబోయి మానేశాను. లెక్కలు నా సబ్జెక్టు కాదు.

ఓడిపోయినా ఆయన ఆ వీధిని వదల్లేదు. ఏటా తొలకరికి ముందే ఒక ఆదివారం గుంట తవ్వి, రెండు పైపుల చిల్లుల మీదా రబ్బరు ముక్కలు చుట్టి, క్లాంపులు బిగించి వచ్చేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరి సంతకమూ లేదు. "ఒక ఏడాది ఆగుతుంది మాస్టారూ, అంతే" అనేవాడు. ఆ పదేళ్లూ నా హాజరు పట్టీలో ఆ వీధి పిల్లల గళ్లు శుభ్రంగా ఉన్నాయి.

మా బావ పోయి అయిదు నెలలైంది. పనిలో ప్రమాదమేమీ కాదు. మధ్యాహ్నం అన్నం తిని గోడకి ఆనుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. దీని గురించి ఇంతకన్నా రాయను.

ఆ రోజు అక్క వాళ్ల వాకిట్లో జనం నిలబడ్డారు. వాకిలి దాటి, వీధి దాటి, మలుపు దాకా నిలబడ్డారు. నేను లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను. ఆరు వందల పదకొండు దగ్గర ఆపేశాను. ఇంకా చాలామంది మిగిలే ఉన్నారు. ఇలాంటివాడు మన ఎమ్మెల్యే అయ్యుండాల్సిందని ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. రిటైర్డు క్లర్కు గారు నా చేయి పట్టుకుని ఏడ్చారు. ఆయన గీజరు రెండు రోజులుగా పనిచేయడం లేదట.

వారం తర్వాత ఎమ్మెల్యే గారి నుంచి సంతాప లేఖ వచ్చింది. మంచి కాగితం. నియోజకవర్గం ఒక నిస్వార్థ సేవకుణ్ణి కోల్పోయిందని రాసి ఉంది. ఒక అచ్చుతప్పు ఉంది, నేను పట్టించుకోలేదు. కింద నీలం సిరాతో సంతకం ఉంది. స్టాంపు కాదు, చేత్తో పెట్టిందే. పదకొండుసార్లు తిరిగితే దొరకనిది గుమ్మంలోకే వచ్చింది.

అక్క దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది. తర్వాత నా చేతికిచ్చి, "ఒరేయ్, ఈ సంతకం పైపుకి పనికొస్తుందేమో చూడు" అంది.

సంతకం సరైనదే కానీ, దాని పైన ఉన్న విషయం వేరని చెప్పాను. అలాంటి తేడాలు చెప్పడానికే కదా నాకు జీతమిస్తున్నారు!

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను, కానీ ఇంతమందిని తప్పుపట్టాక అది న్యాయం కాదు.

పోయిన నెల అక్క ఒంటరిగా ఉంటుందని, పరీక్ష పేపర్లు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆమె వరండాలో కూర్చుని నేను దిద్దుతుంటే చూస్తోంది. ఒప్పుకి రైటు, తప్పుకి ఇంటూ. నా రైటు గుర్తుకి తోక పొడుగు. బడిలో పిల్లలందరికీ తెలుసు. చూసి చూసి అక్క నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"ఈ ఎర్ర ఇంకుతోనే గదరా మీ బావకి ఓటేశావు" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది.

మూడో ఎన్నికకి నేను డ్యూటీలో ఉన్నాను కాబట్టి నా ఓటు కవరులో పోస్టు ద్వారా వెళ్లింది. పరీక్షలూ ఎన్నికలూ ఒకే వారంలో వచ్చాయి. ఆ రెండు రోజుల్లో నేను రెండు వందల పేపర్లు దిద్దాను. ఓటు పత్రం నా ముందుకి వచ్చినప్పుడు అందులో పన్నెండు పేర్లు, పక్కన పన్నెండు ఖాళీ గళ్లు ఉన్నాయి. జేబులో ఎర్ర పెన్ను ఉంది. మా బావ పేరు పక్కన రైటు పెట్టాను. అంతటితో ఆగితే ఏ బాధా లేదు. కానీ ఇరవై ఏళ్లకు పైబడ్డ అలవాటు ఊరుకుంటుందా? మిగతా పదకొండు గళ్లలోనూ వరసగా ఇంటూలు కొట్టాను. ఏ ఒక్క తప్పునీ వదలకుండా దిద్దాను. పన్నెండు గళ్లలోనూ గుర్తులున్న ఓటు చెల్లదు. ఆ సంగతి ముందు రోజు శిక్షణలో తోటి టీచర్లకి బోధించింది నేనే.

లెక్కింపు రోజు అధికారి ఆ కాగితం పైకెత్తి, ఇది చెల్లదు, ఏమైనా అభ్యంతరమా అని అడిగాడట. బల్లకి ఇవతల నిలబడ్డ మా బావ ఆ తోక చూశాడు. లేదు సార్, రూలు రూలే అన్నాడట. ఇంటికొచ్చి అక్కతో చెప్పి ఒకటే నవ్వట.

"నాతో ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్పొద్దన్నారు. మాస్టారు మనసు కష్టపెట్టుకుంటాడన్నారు." అక్క నా చేతిలోని ఎర్ర పెన్ను వైపు చూసింది. "బళ్లో ఎప్పుడూ పడలేదే నాకు రైటు, ఇన్నాళ్లకి పడిందన్నారు."

ఆ రోజు ఇస్త్రీ చొక్కా విప్పి, టీ తాగి, టైలరు ఇంటికి వెళ్లిన మనిషికి ఈ సంగతి అప్పటికే తెలుసు.

నా ఓటు చెల్లినా ఆయన గెలిచేవాడు కాదు. ఆరు వందల పన్నెండు అయ్యేవి, అంతే. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. తర్వాత తెలిసింది, టైలరు చెప్పిందీ ఇదే. గెలవడు కదా. నియోజకవర్గం మొత్తం కలిసి చెప్పిన ఆ ఒక్క వాక్యంలో నేను వెతికినా వ్యాకరణ దోషం దొరకలేదు.

కాబట్టి పాఠకులారా, వీధికొక ఓడిపోయే అభ్యర్థి కావాలన్న నా విన్నపాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఒకణ్ణి మాకిచ్చారు. మేము మూడుసార్లు దక్కించుకున్నాం.

పోయిన ఆదివారం బావ సంచి భుజాన వేసుకుని ఆ వీధికి వెళ్లాను. టైలరు, క్లర్కు గారు కూడా వచ్చి గుంట తవ్వారు. ముగ్గురం వంగి చూశాం. రెండు పైపులూ ఒకే రంగులో ఉన్నాయి, రెండింటి మీదా బావ బిగించిన క్లాంపులే. ఏది మంచినీళ్లదో, ఏది మురుగుదో మాలో ఎవరికీ తెలియలేదు. గుంట పూడ్చి వచ్చేశాం.

వానలు మొదలయ్యాయి. ఈ వారం ఆ వీధి నుంచి ఏడుగురు పిల్లలు బడికి రాలేదు. పైపు ఇంకా మార్చలేదు.